అతుకు కోసం దాచిన మాత్రలు

డాక్టరు గారు నన్ను ఒక్క పేజీ రాసి ఇమ్మన్నారు. ఏ మాత్ర మింగాను, ఏది మింగలేదు, మింగనివి ఎక్కడ పెట్టాను, అంతే. అబద్ధమైతే ఒక పేజీలో ఒదిగేది. నిజానికి జాగా చాలలేదు. ఆ పేజీ ఆయనకు అప్పగించాను. అందులో పట్టనిదంతా ఇక్కడ రాస్తున్నాను. నోరు తిరగని పేరున్న జబ్బుతో ఏ దవాఖాన బెంచీ మీదో కూర్చుని, గోడకున్న పోస్టరును పదోసారి చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, పోస్టరు బదులు ఇది చదువుకోవచ్చు.

నేను భువనగిరి దగ్గరి నేతగాణ్ణి. పేరు సత్తయ్య. పేరులో ఉన్న సత్తువ ఒంట్లోంచి దిగిపోయిన సంగతే ఈ రాత. ఏడో తరగతి దాకా బడిలో చదివాను. మిగిలిన చదువంతా నూలుకు చుట్టి వచ్చే పాత పేపర్లలోనే. వాటిలో కథలకు తలో తోకో ఎప్పుడూ చిరిగి ఉండేది. నా రాతలోనూ మొదలూ చివరా సరిగ్గా కనిపించకపోతే ఆ తప్పు నూలుదే.

భువనగిరి జిల్లా అయిన మూడో ఎండాకాలంలో మొదలైంది. పొద్దున మగ్గం గుంటలోకి దిగినప్పుడు చేతులు నావే. మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరివో. తాడు లాగితే, పోగును అటూ ఇటూ మోసే నాడె సగం దారిలో ఆగిపోయేది. వయసు మీద పడిందనుకున్నాను. తర్వాత ఎడమ కంటి రెప్ప వాలడం మొదలైంది. నేను దానికదే అవుతోందని చెప్పినా, చాయ్ హోటల్లో ఎదురుగా కూర్చున్నవాళ్లు నమ్మలేదు. ఆ మాట ఇంటిదాకా వచ్చింది. నా భార్య బాలమణి నూలు కండెలు చుడుతూ తల ఎత్తకుండానే అడిగింది:

“బిడ్డ పెండ్లయి అత్తగారింటికి పోయింది. ఇప్పుడు కన్ను గొట్టుడేందయ్యా?”

నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎక్కువ రోజులు లేదు. బువ్వ నమలడం మధ్యలో దవడ అలిసిపోయిన రోజున ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

కళ్ల డాక్టరు అద్దాలిచ్చాడు. ఎముకల డాక్టరు నూనె ఇచ్చాడు. ఇంకొకాయన ధైర్యం ఇచ్చాడు, దాని ఫీజు వేరు. ఇంతలో కరోనా వచ్చి అన్ని తలుపులూ మూసేసింది. పట్నంలోని పెద్ద దవాఖానకు చేరేసరికి ఏడాది దాటింది. జీవితమంతా నాడె చూసుకుంటూ బతికినవాణ్ణి, నాడి చూపించుకోవడం అక్కడే నేర్చుకున్నాను. అక్కడి నరాల డాక్టరుది పాలమూరు వైపు. నింపాదిగా మాట్లాడే మనిషి. నరం చెప్పే మాట కండకు వినపడటం లేదని విడమర్చి చెప్పారు. మా ఇంట్లో నా మాటది కూడా అదే పరిస్థితి సార్ అన్నాను. ఆయన నవ్వారు గానీ బాలమణి నవ్వలేదు. ఆమె నా చేతులనే చూస్తోంది.

పాత మందులు కొన్నాళ్లు పనిచేశాయి. తర్వాత వాటి మాట కూడా కండకు వినపడటం మానేసింది. కరోనా పోయిన మరుసటి ఏడు, ఉగాది దాటాక, డాక్టరు గారు కొత్త మందు పరీక్ష సంగతి ఎత్తారు. విదేశీ కంపెనీది. ఖర్చంతా వాళ్లదే, బస్సు కిరాయితో సహా. మొదటి ఆరు నెలలు కొందరికి అసలు మాత్ర, కొందరికి ఉత్త బిళ్ల. ఎవరికి ఏది అన్నది ఎవరికీ తెలియదు. ఆ తర్వాత అందరికీ అసలుదే.

సంతకం పెట్టాల్సిన కాగితాలు మా చీర పెట్టె అంత మందం ఉన్నాయి. తెలుగులోనే ఉన్నాయి, కాని ఆ తెలుగు ఎవరింట్లో మాట్లాడతారో తెలియదు. పదో తరగతి చదివిన బాలమణి బయట వరండాలో కూర్చుని నాకు చదివి వినిపించింది. స్వచ్ఛంద భాగస్వామి అంటే ఎవరంది. నేనేనన్నాను. ప్రతికూల సంఘటన అంటే ఏందంది. అది కూడా నేనే అయ్యేటట్టున్నానన్నాను. అలా నవ్వుకుంటూ వచ్చినామె ఒకచోట వేలు పెట్టి ఆగింది.

“గిది విన్నవా? కంపెనీ ఎప్పుడైనా, ఏ కారణం మీదనైనా మధ్యల ఆపొచ్చట.”

“ఊరికెనే రాస్తరు అట్లాంటివి.”

“ఊరికెనే ఎవరూ రాయరు. కాగితం అగ్గువేం కాదు.”

సంతకం పెట్టాను. చేతికి ఆ మాత్రం బలం ఉన్నప్పుడే పెట్టాలి కదా. కాని ఆ వాక్యం మాతోపాటే బస్సెక్కి ఇంటికి వచ్చింది.

ఇక్కడ నేత సంగతి ఒకటి చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని దొంగతనంలా కనిపిస్తుంది. మేం పడుగును, అంటే మగ్గానికి నిలువుగా కట్టిన పోగులను, చివరిదాకా నేయం. జానెడు మిగిల్చి చీర కోస్తాం. ఆ మిగిలిన పోగులు దువ్వెన లాంటి అచ్చులోనే ఉంటాయి. కొత్త పడుగు వచ్చాక, వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పోగు కొసకు కొత్త పోగు కొస మెలిపెట్టి అతుకుతాం. వేల పోగులు, ఒక్కొక్కటిగా. ఆశపడి చివరిదాకా నేసేసినవాడు మళ్లీ మొదటినుంచి ప్రతి పోగునూ అచ్చు సందులోంచి ఎక్కించుకోవాలి. మా నాయిన నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. కొత్త పడుగు ఎప్పుడొస్తుందన్నది నూలిచ్చే షావుకారి చేతిలో ఉంటుంది, జానెడు పోగు మాత్రం మన చేతిలో ఉండాలి.

మాత్రలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అందరికీ అసలు మాత్రే ఇస్తున్నామని చెప్పిన నెల నుంచి, నేను రోజు విడిచి రోజు సాయంత్రం మాత్ర మిగిల్చాను. ఏ కారణం మీదనైనా ఆపే కంపెనీ, ఏ కారణమూ చెప్పని షావుకారి లాంటిదే. మిగిల్చినవి మగ్గం పక్కన, బూడిద డబ్బా వెనుక, పాత కండెల డబ్బాలో వేసేవాణ్ణి. రోజూ నింపాల్సిన పుస్తకంలో మాత్రం అన్ని గళ్లలోనూ టిక్కు పెట్టాను. నా చేతిరాత బాగుంటుందని దవాఖానలో మెచ్చుకునేవాళ్లు కూడా.

మెచ్చుకున్నది ఆ పరీక్ష పనులన్నీ చూసే అమ్మాయి. ప్రతి నెలా మన సీసాను పళ్లెంలో బోర్లించి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేది. అందుకే నేను లెక్క మేడం అనేవాణ్ణి, ఆమె నన్ను అంకుల్ అనేది. నా సీసా ఎప్పుడూ ఖాళీ. “సూపర్ అంకుల్, మీ అంత పద్ధతిగా ఎవరూ లేరు,” అన్నప్పుడల్లా నా వాలిన రెప్ప ఇంకొంచెం వాలేది. డబ్బా నిండుతున్నకొద్దీ ధైర్యం వస్తుందనుకున్నాను. భయమే వచ్చింది.

చేతులు మాత్రం తిరిగి వచ్చాయి. మొదట నమలడం, తర్వాత రెప్ప, మరుసటి దసరా నాటికి సగం రోజు నేత. ఆ ఏడు నేసిన మొదటి చీర అంచు కొంచెం వంకర పోయింది. బాలమణి దాన్ని అమ్మనివ్వలేదు, తనే కట్టుకుంది.

వెయిటింగ్ హాల్లో మా బెంచీకి ఒక చుట్టం దొరికాడు. బీరయ్య, మర్రిగూడ దిక్కు గొర్ల కాపరి. అక్కడి ఫ్లోరైడు బోర్ల నీళ్లు తాగి నడుము వంగిపోయింది, మెడ బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే తల తిప్పలేడు, మనిషే తిరగాలి. నొప్పి బిళ్లల కోసం వచ్చేవాడు. ఎప్పుడూ ఒంటి మీద గొంగడి ఉండేది. బెంచీలు నిండిపోయిన రోజున దాన్ని నేల మీద పరిచి, నన్ను ముందు కూర్చోబెట్టి, గోడ పట్టుకుని తాను దిగేవాడు.

ఒకరోజు నా చేతిలోని సీసా చూసి, తమకు కూడా ఇట్లాంటి పరీక్ష ఏదైనా ఉందేమో అడిగి పెట్టమన్నాడు. అడిగాను. డాక్టరు గారు పెన్ను పక్కన పెట్టారు. ఇప్పుడు కృష్ణా నది నీళ్లు వస్తున్నాయి కాబట్టి కొత్త పిల్లలకు రాకుండా చూడొచ్చని, ఇప్పటికే వంగినవాళ్లను నిలబెట్టే మందు వెతకడానికి డబ్బు పెట్టినవాళ్లు తనకైతే తెలియదని చెప్పారు. కొనుక్కోలేనివాళ్లకే వచ్చే జబ్బు మీద ఏ కంపెనీ ఏళ్ల తరబడి పెట్టుబడి పెడుతుందన్నారు. ఈ మాటను బీరయ్యకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ బయటికి వచ్చాను. నా ముఖం చూసి ఆయనే మొత్తంగా నా వైపు తిరిగాడు.

“లేదన్నరా?”

“లేదన్నరు బీరన్నా.”

“నీ రోగం నసీబున్న రోగం, సత్తన్నా. దొరల ఇండ్లల్ల గూడ ఉన్నది. మాది మా బాయిల కాడనే ఉన్నది.”

కోపంగా అనలేదు. గొర్రె ఏ మందలోదో చూసి చెప్పినట్టు చెప్పాడు. నా రోగాన్ని చూసి అసూయపడే మనిషి ఉంటాడని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ రోజు బస్సులో నాకు నా జబ్బు మీద కొంచెం గర్వం లాంటిది కలిగి, వెంటనే సిగ్గేసింది.

రెండో ఏడు కార్తీకంలో మమ్మల్నందరినీ ఒకే రోజు రమ్మన్నారు. ఎప్పుడూ విడివిడిగా పిలిచేవాళ్లు. హాల్లో కుర్చీలు వేసి ఉన్నాయి. బాలమణి నా మోచేయి గట్టిగా పట్టుకుంది. డాక్టరు గారు నిలబడే చెప్పారు. మందు కనిపెట్టిన కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొన్నది. కొన్నవాళ్లు ఏ మందుల మీద డబ్బు పెట్టాలో చూసుకుని, మన జబ్బు పరీక్షను ఆపేశారు. నెలాఖరుకు సీసాలన్నీ వాపసు ఇవ్వాలి.

కొత్తకోట నుంచి వచ్చే టీచరమ్మ లేచింది. చిన్న పిల్లల తల్లి. ఈ మందుకు ముందు బోర్డు మీద ఒక వరుస రాయడానికి రెండుసార్లు చెయ్యి దించేదట. మాత్రలతో ఆమెకు వాంతులయ్యేవి, అయినా ఒక్కటి మానలేదు.

“మందు పనిచేస్తలేదని ఆపిన్రా సార్?”

“ఫలితం మధ్యరకం అని రాశారమ్మా. ఇంకా పూర్తిగా తేలలేదు.”

మధ్యరకం. ఆ మాట నేరుగా నా దగ్గరికి వచ్చి కూర్చుంది. మందు పూర్తి మోతాదులో ఎంత పనిచేస్తుందో చూడటానికి కదా ఈ లెక్కంతా. మింగానని టిక్కు పెట్టి డబ్బాలో వేసినవాడి చెయ్యి కూడా ఆ లెక్కలో ఉంది. నావల్లనే అది మధ్యరకం అయిందేమో. టీచరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. నేను నేల మీది గచ్చు గళ్లు లెక్కపెట్టాను.

ఇంటికి వచ్చాక బాలమణి నేరుగా వెళ్లి బూడిద డబ్బా పక్కకు జరిపి, కండెల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. బూడిద తెచ్చి పోసేది ఆమే. ఇంత తెలివైన జాగా వెతికానని మురిసిపోయిన నాకు ఆ సంగతే తట్టలేదు.

ఇవి కూడా ఇచ్చేస్తానన్నాను. నాలుగైదు నెలలకు వస్తాయి, అంతలో ఏదో ఒక దారి దొరుకుతుందని ఆమె వాదించింది. నా తప్పుడు టిక్కుల వల్లే టీచరమ్మకు కూడా మందు ఆగిందేమోనన్నాను. వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారంది బాలమణి, అన్నాక తనకే ఆ మాట నచ్చక పైట సర్దుకుంది.

“గవి మాత్రలు గావు, నీ చేతులు. నీ చేతులు నువ్వే పోయి ఇచ్చొస్తవా?”

లేచి మగ్గం గుంటలోకి దిగాను. మూడు రోజులు నేస్తూనే ఉన్నాను, ఇవే ఆఖరి రోజులేమోనన్న భయంతో, అవసరం లేనంత వేగంగా. నాలుగో రోజు పొద్దున ఆమె డబ్బాను సద్దిమూటలా గుడ్డలో కట్టి గడప దగ్గర పెట్టింది. తాను కూడా వస్తానంది.

లెక్క మేడం డబ్బాను పళ్లెంలో బోర్లించింది. కొన్ని మాత్రలకు బూడిద అంటుకుని ఉంది. ఆ అమ్మాయి చాలాసేపు లెక్కపెట్టింది. సూపర్ అనలేదు. అంకుల్ అని కూడా అనలేదు. లేచి వెళ్లి డాక్టరు గారిని పిలుచుకొచ్చింది.

“సార్, మందు మంచిదే. నేనే మంచోణ్ణి గాదు,” అన్నాను. “నేను కొన్ని మింగి కొన్ని దాచినందుకే మధ్యరకం వచ్చిందేమో. కంపెనీకి రాయండి. తప్పు మందుది గాదు, నాదని.”

జానెడు పడుగు సంగతంతా చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు. నా ఒక్కడి మాత్రలతో ఏ కంపెనీ దుకాణం మూయదని, ఇన్ని ఊళ్ల మనుషుల లెక్కలో నేను ఒక్క పోగునని చెప్పారు. మన జబ్బు మనుషులు తక్కువ. కొన్న కంపెనీ చేతిలో ఇంకో మందు ఉంది, లావు తగ్గడానికి. లావు ఉన్నవాళ్లు ఎక్కువ. అంతే.

ప్రాణం తేలికపడాలి కదా. పడలేదు. నా తప్పు వల్ల ఆగి ఉంటే, ఆ తప్పు ఒప్పుకుంటే మళ్లీ మొదలవుతుందేమోనన్న ఆశ ఎక్కడో ఉన్నట్టుంది. అది కూడా పోయింది. మా అవ్వ చనిపోయే ముందు ఊరి డాక్టరు బయటికి వచ్చి ‘ఇక లాభం లేదు’ అన్నాడు. మంచం పక్కన అనే ఆ మాటే కంపెనీ ఆఫీసులో కూడా అంటారని నాకు అప్పుడే తెలిసింది. అక్కడ అనేటప్పుడు రోగిని చూడాల్సిన పని లేదు, అదొక్కటే తేడా.

డాక్టరు గారు నా పుస్తకం పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగారు.

“వాంతులు లేవని రాసినరు ప్రతి నెలా. మొహమాటానికి రాసినరు అనుకున్న.”

“లేదు సార్, నిజంగనే కాలే.”

“చేతులు మాత్రం అందరి లెక్కనే బాగైనయి.”

ఆయన లెక్క మేడం వైపు చూశారు. తక్కువ మాత్రలతోనే చేతులు నిలబడి, కడుపు కూడా నిలబడిందేమో. ఒక్క మనిషిని చూసి అది నిజమనలేరట. తేల్చాలంటే ఇంకో పరీక్ష పెట్టాలి. తక్కువ మాత్రలు చాలని నిరూపించడానికి మాత్రలు అమ్మేవాళ్లు డబ్బు ఎందుకు పెడతారు సత్తయ్య గారూ, అని ఆయనే నన్ను అడిగారు. ఏళ్ల తరబడి చిరగని చీర ఒక్కటి చాలని ఏ షావుకారూ చెప్పడు సార్ అన్నాను. డబ్బాలోని మాత్రలను ఒక సంచిలో పోసి, మూతి బిగించి, సీలు వేశారు. వాటిని ఏం చేస్తారని బాలమణి అడిగింది. కాల్చేస్తారట. పత్తి కంపకు నిప్పు పెట్టినప్పుడు మొహం తిప్పుకున్నట్టు తిప్పుకుంది.

ఆ చలికాలం గురించి ఎక్కువ రాయను. చేతులు పోయాయి, తర్వాత దవడ, తర్వాత కొన్ని రోజులు ఊపిరి. దవాఖానలో పడుకోబెట్టారు. కళ్లు రెండూ మూసుకుపోతే ఎవరు వచ్చిందీ చప్పుడును బట్టి గుర్తుపట్టేవాణ్ణి. బాలమణి గాజులు. లెక్క మేడం చెప్పులు. పరీక్ష ఆగాక ఆమె ఉద్యోగం కూడా ఆగింది, అయినా వారానికోసారి వచ్చి ‘ఎట్లున్నరు అంకుల్’ అనేది. అంకుల్ అన్న మాట తిరిగి వచ్చినందుకు ఏడుపొచ్చింది, రెప్పలు మూసి ఉండటం మంచిదైంది. ఒకరోజు గొర్రె వాసన వచ్చింది. కాళ్ల మీద బరువుగా ఏదో కప్పారు. బీరయ్య గొంగడి. చలిరోజుల్లో ఆయన ఒట్టి తువ్వాలుతో మర్రిగూడ పోయాడని బాలమణి తర్వాత చెప్పింది.

డాక్టరు గారు, ఇంకొందరు డాక్టర్లు కలిసి కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. శివరాత్రి దాటాక జవాబు వచ్చింది. ఇదివరకే తయారై గోదాములో ఉన్న మాత్రలను, సీసా మీది గడువు తేదీ దాకా, పాత మనుషులకు ఇస్తారు. కొత్తగా తయారు చేయరు. నాకు డాక్టరు గారు పొద్దున ఒకటి, సాయంత్రం రోజు విడిచి రోజు ఒకటి రాసిచ్చారు. నేను దొంగచాటుగా మింగిన కొలతే, ఈసారి సంతకంతో. టీచరమ్మకు కూడా అదే కొలత పెట్టి చూస్తున్నారు. ఆమెకు వాంతులు తగ్గాయని, బోర్డు మీద మూడు వరుసలు ఆపకుండా రాస్తోందని విన్నాను.

ఈ కొలత సంగతి తేల్చడానికి చిన్న పరీక్ష పెట్టాలని డాక్టరు గారు సర్కారుకు దరఖాస్తు పెట్టారు. మొదట్లో చెప్పిన ఒక్క పేజీ దాని కోసమే. అది ఇచ్చిన రోజు బీరయ్య హాల్లో ఉన్నాడు. గొంగడి వాపసు ఇస్తే భుజాన వేసుకుని, నేను ఏం రాసిచ్చానో అడిగి తెలుసుకున్నాడు.

“నాది గూడ ఒక పేజీ రాసి పెట్టు సత్తన్నా. ఎవరు అడగలేదని రాయి. అడుగుతె చెప్పేటోడు ఒకడు ఉన్నడని రాయి.”

రాశాను. ఎవరికి ఇవ్వాలో ఇద్దరికీ తెలియలేదు. డాక్టరు గారి బల్ల మీదే పెట్టి వచ్చాం.

దరఖాస్తుకు ఇంకా జవాబు లేదు. పోస్టుమాన్ సైకిలు గంట వినపడితే నాడె దానంతటదే ఆగుతుంది. నా సీసాల మీది గడువు వచ్చే పత్తి ఏరేనాటికి అయిపోతుంది. అప్పటికి ఏదో ఒకటి రావాలి. రాకపోతే ఏమవుతుందో పోయిన చలికాలంలో చూశాను, ఇంకోసారి చూడాలని లేదు. మీలో ఎవరైనా ఇట్లాంటి కాగితం మీద సంతకం పెట్టబోతుంటే, మధ్యలో ఆపితే ఆ తర్వాత మందు ఎవరిస్తారో ముందే అడగండి. మాత్రలు మాత్రం దాచకండి. ఆ తెలివి నాతో సరిపోనివ్వండి.

ఇప్పుడు మాత్ర వేసేది బాలమణి. నీళ్ల గ్లాసుతో ఎదురుగా నిలబడి, మింగాక “నాలుక ఎత్తు” అంటుంది. ఎత్తుతాను. వంగి చూస్తుంది. ఏమీ ఉండదు. నిన్న చీర కోసేటప్పుడు కూడా వచ్చి నిలబడింది. అచ్చులో జానెడు పోగు వదిలి కోశాను. దాన్ని వేలితో కొలిచి చూసి, బూడిద డబ్బా నింపి పక్కన పెట్టి పోయింది.